మూడు రాత్రుల విశ్రాంతికి స్పా ఉన్న రిసార్ట్: వికారాబాదా, దిండా, కుమరకోమా?

ప్రశ్న: తులసికోట, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మొన్నటి వేసవిలో మా మామగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగింది. అప్పటి నుంచి ఎనిమిది నెలలుగా ఆసుపత్రి, ఫిజియోథెరపీ, రాత్రిపూట మూడేసి సార్లు లేవడం, ఇదే మా ఇంటి దినచర్య. మా వారూ నేనూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లం కాబట్టి ఈ భారంలో పెద్ద వాటా మోసింది 68 ఏళ్ల మా అత్తగారు. దేవుడి దయవల్ల మామగారు ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నడుస్తున్నారు. సంక్రాంతికి మా ఆడపడుచు ఇంటికి వెళ్లి, పండుగ తరువాత కూడా కొన్నాళ్లు అక్కడే ఉంటానన్నారు. ఆ రోజుల్లో ఒక సోమవారం నుంచి గురువారం వరకు, అంటే మూడు రాత్రుల పాటు, అత్తగారిని ఊరికి దూరంగా పచ్చని చోటుకు తీసుకువెళ్లి, ఆవిడ చేత గరిటె పట్టించకుండా, ఒళ్లంతా నూనె పట్టించి, వేడినీళ్లు పోయించి కూర్చోబెట్టాలని నా కోరిక.

ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయి, పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. పది మెట్లు ఎక్కితే ఆగిపోతారు. పూర్తి శాకాహారి. ముగ్గురికీ కలిపి, ప్రయాణం ఖర్చుతో సహా, 60,000 రూపాయల లోపు కావాలి. నా దృష్టిలో మూడు చోట్లు ఉన్నాయి: దగ్గరగా ఉందని వికారాబాద్ అనంతగిరి కొండలు, గోదావరి ఉందని కోనసీమలోని దిండి, ఆయుర్వేదానికి పేరుందని కేరళలోని కుమరకోం. ఏ రిసార్ట్ వెబ్‌సైటు తెరిచినా నీళ్లలో తేలే పూలరేకులు, చుట్ట చుట్టిన తెల్ల తువ్వాళ్లు, కళ్లు మూసుకుని పడుకున్న అమ్మాయి కనిపిస్తున్నాయి. ఆ బొమ్మలను బట్టి ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా తెలియడం లేదు. ఒక చోట "పంచకర్మ, మూడు రాత్రులు" అనే ప్యాకేజీ కూడా చూశాను, ధర బాగా ఎక్కువ. అది తీసుకోవడం మంచిదా? ఫోన్ చేసినప్పుడు నేను ఏమేమి అడగాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


సమాధానం: వశిష్ఠతీరం

తులసికోట గారూ, మాది పాలకొల్లు. మా ఊరి వైపు మొగ్గుతున్నానని మీకు అనిపించవచ్చు కాబట్టి మంచితో పాటు ఇబ్బందులు కూడా దాచకుండా రాస్తాను.

దిండికి రావడం మీ అత్తగారికి కష్టం కాదు. హైదరాబాద్‌లో రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారాక పాలకొల్లులో దిగుతారు. అక్కడి నుంచి కారులో చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ గోదావరిని దాటితే దిండి వచ్చేసినట్టే. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 45 ఏళ్లు దాటిన మహిళలకు కింది బెర్తుల కోటా ఉంటుంది కాబట్టి అత్తగారి టికెట్ ఆ కోటాలో ప్రయత్నించండి. అయితే కనుమ వెళ్లిన వెంటనే మాత్రం రావద్దు. పండుగకు వచ్చిన వాళ్లంతా ఆ వారంలోనే తిరిగి హైదరాబాద్ బయలుదేరతారు, రైళ్లలో నిలబడడానికి కూడా చోటు ఉండదు. పండుగ రోజుల్లో అయితే భీమవరం నుంచి రాజోలు దాకా గది అన్నది దొరకదు. వచ్చే నెలకు వాయిదా వేసుకోవాలనుకుంటే ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. మాఘ మాసంలో భీష్మ ఏకాదశి నాడు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం జరుగుతుంది. దానికి ముందూ వెనుకా నాలుగైదు రోజుల పాటు మా వైపు దారులన్నీ జనంతో నిండిపోతాయి. ఆ రోజులు తప్పించండి.

దిండిలో పర్యాటక అభివృద్ధి సంస్థ వారి హరిత రిసార్ట్ ఉంది, ప్రైవేటు రిసార్టులూ ఉన్నాయి. అన్నిచోట్లా గోదావరి ఒకటే, కొబ్బరితోటలు ఒకటే. తేడా అంతా గది ఏ వైపు ఉందన్న దానిలోనే ఉంటుంది. మా ప్రాంతమంతా ఇప్పుడు రొయ్యల చెరువులు. ఆ చెరువుల్లో నీళ్లకు గాలి అందించడానికి ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. మాకు ఆ చప్పుడు అలవాటైపోయింది కానీ, ఎనిమిది నెలలుగా కంటినిండా నిద్ర లేని మనిషికి అది నిద్ర పట్టనివ్వదు. గది బుక్ చేసేటప్పుడు "నది వైపు గదేనా, పక్కన చెరువులున్నాయా" అని విడమరిచి అడగండి. దోమలు తప్పవు. కిటికీలకు జాలీ ఉందో లేదో కనుక్కోండి, లేదంటే దోమతెర వెంట తెచ్చుకోండి.

ఉదయం ఏడు, ఏడున్నర దాకా మంచు తెర ఉంటుంది. అవతలి గట్టు కనపడదు, పడవ ఇంజను చప్పుడు మాత్రం వినపడుతుంది, కాసేపటికి పడవ కొస బయటికి వస్తుంది. వరండాలో కుర్చీ వేసుకుని కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అది చూస్తూ కూర్చుంటే ఇంకే కార్యక్రమమూ అక్కరలేదని నా అభిప్రాయం. స్పా విషయంలో మాత్రం మా దగ్గర మరీ ఎక్కువ ఆశించవద్దు. మర్దన, ఆవిరి స్నానం దొరికే చోట్లు ఉన్నాయి కానీ, వైద్యుడు ఉండి చేసే చికిత్స కావాలంటే అది వేరే సంగతి.


సమాధానం: వైద్యశాల

నేను ఆయుర్వేద వైద్యురాలిని. "మూడు రాత్రుల పంచకర్మ" గురించి మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. దయచేసి అది తీసుకోకండి.

పంచకర్మ అంటే వమనం (వాంతి చేయించడం), విరేచనం, వస్తి (ఎనిమా), నస్యం (ముక్కులో మందు వేయడం), రక్తమోక్షణం (రక్తం తీయడం) అనే ఐదు శోధన ప్రక్రియలు, అంటే ఒంటిని శుభ్రపరిచేవి. వీటిలో వమన విరేచనాల వంటి వాటికి శరీరాన్ని ముందు సిద్ధం చేయాలి. ఔషధ ఘృతాన్ని, అంటే మందులు వేసి కాచిన నేతిని, మూడు నుంచి ఏడు రోజుల పాటు మోతాదు పెంచుతూ తాగించి, తరువాత అభ్యంగనం (నూనె మర్దన), స్వేదం (చెమట పట్టించడం) చేసి, అప్పుడు అసలు ప్రక్రియకు వెళ్తాము. అది అయ్యాక జావతో మొదలుపెట్టి మెల్లమెల్లగా మామూలు భోజనానికి తీసుకురావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. ఇదంతా మూడు రాత్రులలో కుదరదు. ఆ పేరుతో మూడు రోజుల్లో చేసేది సాధారణంగా మర్దన, ఆవిరి మాత్రమే. దానికి ఆ పేరు పెట్టి ఆ ధర తీసుకోవడం నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే తరువాత మా దగ్గరకు వచ్చినవారు "పంచకర్మ చేయించుకున్నాం, ఏమీ గుణం కనపడలేదు" అంటారు.

మూడు రోజుల్లో మీ అత్తగారికి నిజంగా హాయినిచ్చేవి మూడు ఉన్నాయి. ఒకటి, గోరువెచ్చని నూనెతో సున్నితమైన అభ్యంగనం. రెండవది, నుదుటి మీద నూనె ధారగా పోసే శిరోధార. నిద్ర చెదిరిపోయినవారికి ఇది ఎంతో సేదనిస్తుంది. మూడవది, మోకాళ్లకు జానువస్తి. మినపపిండిని ముద్దగా కలిపి మోకాలి చుట్టూ చిన్న గట్టులా పెట్టి, అందులో గోరువెచ్చని నూనె పోసి, చల్లారినప్పుడల్లా తీసి మళ్లీ వేడి నూనె పోస్తూ అరగంట ఉంచుతారు. అరిగిన కీలు దీనితో బాగైపోతుందని నేను చెప్పను, కొన్ని రోజులు నొప్పి తగ్గి కాళ్లు తేలికగా అనిపిస్తాయి.

ఇప్పుడు జాగ్రత్తలు. పదిహేనేళ్ల షుగర్ ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గి ఉండవచ్చు. నూనె కాలుతున్నా వారికి తెలియదు. అందువల్ల "వేడి సరిపోయిందా అమ్మా" అని అడిగితే చాలదు, థెరపిస్ట్ తన మణికట్టు మీద పోసి చూసుకున్నాకే వాడాలి. వేడినీళ్ల తొట్టిలో పాదాలు పెట్టే ఫుట్ బాత్ ఆవిడకు వద్దు. పొద్దున షుగర్ మాత్ర వేసుకుని టిఫిన్ తినకుండా ఆవిరి గదిలో కూర్చుంటే షుగర్ పడిపోయి కళ్లు తిరగవచ్చు. తిన్న వెంటనే కూడా మర్దన పనికిరాదు, రెండు గంటలు ఆగాలి. బీపీ మాత్రలు, రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ఆ చీటీ ముందే చూపించండి. ఏ పిక్క అయినా వాచి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పిగా ఉంటే ఆ కాలికి మర్దన చేయించకుండా ముందు డాక్టరుకు చూపించాలి.

నూనె సంగతి కూడా అడగండి. శిరోధారలో పోసిన నూనె కింద గిన్నెలోకి చేరుతుంది. దానినే ఇంకొకరికి వాడే చోట్లు ఉన్నాయి. "ప్రతి మనిషికీ కొత్త నూనె తీస్తారా, ఏ తైలం వాడతారు" అన్న ప్రశ్నకు నీళ్లు నమిలితే ఆ చోటు వదిలేయండి. ఆయుర్వేదం అని బోర్డు పెట్టిన చోట వైద్యులు ఉన్నారా అని కూడా అడగండి. బీఏఎంఎస్ అనే ఆయుర్వేద వైద్య డిగ్రీ ఐదున్నరేళ్ల చదువు, మర్దన నేర్చుకున్నవారు వేరు. మర్దన వరకే అయితే మంచి చేయి ఉన్న థెరపిస్ట్ చాలు, కానీ చికిత్స అన్న మాట వాడితే వైద్యుడు ఉండి తీరాలి.


సమాధానం: మర్రిచెట్టు

నేను హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టులలో పదకొండేళ్లు ఫ్రంట్ ఆఫీసులో పనిచేశాను. వికారాబాద్ వైపు సంగతులు చెబుతాను.

దూరం దాదాపు 75 కిలోమీటర్లు. చేవెళ్ల మర్రిచెట్ల దారిన వెళ్తే రెండు గంటల ప్రయాణం. మామగారి దగ్గర నుంచి ఫోన్ వస్తే పూటలోగా ఇంటికి తిరిగి రాగలరు. ఇంతకాలం రోగిని కనిపెట్టుకుని ఉన్న మనిషికి ఆ ధైర్యం లేకపోతే ఎక్కడ కూర్చోబెట్టినా మనసు ఇంటి మీదే ఉంటుంది. ఈ కారణం ఒక్కటి చాలు, నేనైతే దగ్గర చోటునే ఎంచుకుంటాను. అనంతగిరి గాలి మంచిదని నిజాం కాలంలోనే అక్కడ క్షయ రోగుల కోసం శానటోరియం కట్టారు. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే, అనంతపద్మనాభస్వామి ఆలయం కూడా అక్కడే ఉంది.

ఇక ఇబ్బందులు. మా వైపు రిసార్టులకు అసలు ఆదాయం స్పా వల్ల రాదు, పెళ్లిళ్ల వల్ల, కంపెనీల పార్టీల వల్ల వస్తుంది. శని, ఆదివారాలు ఈత కొలను పక్కనే సౌండ్ బాక్సులు పెడతారు. మీరు సోమవారం నుంచి అన్నారు కాబట్టి ఆ బెడద తగ్గుతుంది. కానీ పెళ్లి ముహూర్తానికి వారంతో పని లేదు కదా. అందువల్ల తేదీలు ఖాయం చేసుకునే ముందు పంచాంగం చూడండి. పుష్యమాసం శూన్యమాసం, పెళ్లిళ్లు ఉండవు, రిసార్టులు ఖాళీగా, నిశ్శబ్దంగా ఉంటాయి, ధర తగ్గించమని అడిగితే తగ్గిస్తారు కూడా. మాఘం వచ్చిందంటే సంగీత్‌లు, బరాత్‌లు మొదలవుతాయి. ఫోన్‌లో రిజర్వేషన్ వాళ్లను కాకుండా బాంక్వెట్ విభాగాన్ని ఇమ్మని అడిగి, "ఆ తేదీల్లో మీ దగ్గర హాలు దొరుకుతుందా" అని విచారించండి. హాలు ఖాళీ లేదంటే ఆ రోజు అక్కడ ఫంక్షన్ ఉన్నట్టే.

చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. అనేక చోట్ల స్పాను రిసార్ట్ యాజమాన్యం నడపదు, బయటి వారికి అద్దెకు ఇస్తుంది. వారాంతంలో నలుగురు థెరపిస్టులు ఉన్న చోట మంగళవారం నాడు ఒక్కరే ఉండవచ్చు, ఆ ఒక్కరు మగవారు కావచ్చు. నేను పనిచేసిన ఒక చోట ముందుగా డబ్బు కట్టి వచ్చిన పెద్దావిడకు ఆడ థెరపిస్ట్ లేక, నగరం నుంచి మనిషి వచ్చేదాకా మూడు గంటలు నూనె రాసుకునే గౌనులో కూర్చోవలసి వచ్చింది. ఆవిడకు క్షమాపణ చెప్పవలసింది నేనే. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి "మంగళవారం, బుధవారం ఆడ థెరపిస్ట్ ఎవరుంటారు, ఆమెతో ఒకసారి మాట్లాడవచ్చా" అని అడగండి, వారాంతపు సంగతి మీకు అక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది నేల. నూనె పట్టిన పాదాలతో తడి టైల్స్ మీద నడిస్తే వయసులో ఉన్నవాళ్లే జారిపడతారు. మర్దన గదిలోనే స్నానాల గది ఉండాలి, మధ్యలో మెట్టు ఉండకూడదు, గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి. ఆ మూడింటినీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని అడగండి. మా వృత్తిలో మేము అటువంటి ఫోటోలు పంపేవాళ్లం, అడిగితే ఎవరూ తప్పు పట్టరు. రబ్బరు చెప్పులు వెంట తీసుకువెళ్లండి. మీ ఇంట్లో తుంటి విరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ధర అడిగినప్పుడు పన్నుతో కలిపి చెప్పమనండి. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. ప్యాకేజీలో మర్దన అని రాసి ఉంటే అది అరగంటా, గంటా అన్నది కూడా తేల్చుకోండి.


సమాధానం: కాయల్ ఒడ్డు

నేను ఆరేళ్లు కొచ్చిలో ఉద్యోగం చేశాను, కుమరకోంకు ఎన్నోసార్లు వెళ్లాను. మిగతావారు చెప్పినదానితో నాకు ఒక్కచోట విభేదం ఉంది. దగ్గరితనం కోసం వికారాబాద్ అని మర్రిచెట్టు గారు అన్నారు, కానీ మర్దన విషయంలో నమ్మకం కావాలంటే కేరళే మేలు. ఆడవారికి ఆడవారే, మగవారికి మగవారే మర్దన చేయాలన్నది కేరళ పర్యాటక శాఖ గుర్తింపు ఇచ్చే నియమాలలోనే ఉంది. గ్రీన్ లీఫ్, ఆలివ్ లీఫ్ అని, తరువాత ఆయుర్ డైమండ్, గోల్డ్, సిల్వర్ అని అక్కడ ఆయుర్వేద కేంద్రాలకు వర్గీకరణ ఉంది. వైద్యుడు ఉండడం, మర్దన గదిని ఆనుకుని స్నానాల గది ఉండడం, ఇటువంటివి చూసి ఇస్తారు. మన దగ్గర ఒక్కొక్కటి ఫోన్ చేసి అడగవలసిన ప్రశ్నలకు అక్కడ ఒక ధ్రువపత్రం సమాధానం చెబుతుంది.

అయినా మూడు రాత్రులకు కుమరకోం వద్దనే అంటాను. శబరి ఎక్స్‌ప్రెస్‌లో కుమరకోంకు దగ్గరి స్టేషన్ అయిన కొట్టాయం చేరాలంటే ఒక పగలు, ఒక రాత్రి దాటిపోతుంది. మకరజ్యోతి వరకు ఆ దారి రైళ్లన్నీ అయ్యప్ప భక్తులతో నిండి ఉంటాయి. విమానంలో వెళ్తే గంటన్నరలో నెడుంబాసేరి (కొచ్చి విమానాశ్రయం) చేరతారు కానీ, అక్కడి నుంచి కుమరకోంకు రెండు గంటలకు పైగా కారులో కూర్చోవాలి. ముగ్గురి విమాన ఛార్జీలు పోగా మీ 60,000లో ఏమి మిగులుతుంది? వేంబనాడు కాయల్ (సరస్సు) ఒడ్డున రెండు రోజులు ఉండి, అలవాటు పడేలోపు మళ్లీ పెట్టె సర్దుకోవాలి.

నా సలహా ఏమిటంటే, మోకాళ్ల కోసం కేరళ వెళ్లాలని ఉంటే ఈ ప్రయాణంతో కలపకండి. జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ వరకు అక్కడ కర్కాటక మాసం. వానాకాలపు ఆ నెలలో ఆయుర్వేద చికిత్స చేయించుకోవడం, మందులు వేసి కాచిన జావ తాగడం మలయాళీల ఇళ్లలో ఆచారం. అప్పుడు ఒక పద్నాలుగు రోజులు తీరిక చేసుకుని, వైద్యశాలగా నడిచే చోటుకు వెళ్లండి.


తులసికోట

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని ఐదు చోట్లకు ఫోన్ చేశాను. రెండు చోట్ల మంగళవారం ఆడ థెరపిస్ట్ ఉండరని తేలింది. ఒక చోట స్నానాల గది ఫోటో పంపమంటే వెబ్‌సైటులోని పూలరేకుల బొమ్మనే పంపారు. వికారాబాద్ దగ్గర ఒక చిన్న రిసార్ట్‌లో మాత్రం రిసెప్షన్ ఆయన ఫోన్ నేరుగా థెరపిస్ట్ అమ్మాయికి ఇచ్చారు. ఆమె ధర చెప్పకముందే "అమ్మగారికి షుగర్, బీపీ ఉన్నాయా, ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా" అని అడిగింది. స్నానాల గదిలో గోడ కడ్డీ ఉంది, మెట్టు లేదు, ఆ ఫోటో కూడా ఆమే పంపింది. పంచాంగం చూసి పుష్యమాసం వెళ్లకముందే తేదీలు పెట్టుకున్నాము. గోదావరి మీద నాకు ఇంకా మనసుంది, వశిష్ఠతీరం గారూ, మామగారు బాగా తిరగగలిగాక ఆయనను కూడా తీసుకుని నది వైపు గదికే వస్తాము.

ఇప్పుడు ఒకే ఒక చిక్కు మిగిలింది. అత్తగారికి విషయం చెబితే, గది, తోట, వంట చేయనక్కరలేకపోవడం అన్నీ బాగున్నాయన్నారు కానీ, "పరాయి మనిషి చేత ఒళ్లు పట్టించుకోవడం ఏమిటమ్మా, నాకు సిగ్గుగా ఉంటుంది" అన్నారు. బలవంతం చేయడం నాకు ఇష్టం లేదు. వైద్యశాల గారూ, ఏమి చేయమంటారు?


సమాధానం: వైద్యశాల

మా దగ్గరకు వచ్చే పెద్దవారిలో చాలామంది ఈ మాటే అంటారు. అది సహజం, తొందరపెట్టకండి. మొదటి రోజు మర్దన బల్ల మాటే ఎత్తవద్దు. కుర్చీలో కూర్చోబెట్టి, చీరతోనే, తలకూ మెడకూ భుజాలకూ మాత్రం నూనె పెట్టించండి. పండుగ పూట పీట మీద కూర్చోబెట్టి మాడు మీద నూనె అద్ది తలంటు పోయడం ఆవిడ చిన్నప్పటి నుంచి చేయించుకున్నదే, ఇంట్లో అందరికీ చేసినదే. మీరు ఆ గదిలోనే పక్కన కూర్చోండి. ఆడ థెరపిస్ట్ దీనికి అభ్యంతరం చెప్పరు. రెండవ రోజు చీర మోకాళ్ల పైకి మడిచి జానువస్తి చేయించండి. దానికి ఒంటి మీద బట్ట తీయవలసిన పని లేదు. ఒళ్లంతా అభ్యంగనం కావాలో వద్దో మూడవ రోజు ఆవిడకే వదిలేయండి. వద్దంటే ఆ గంట మీరు చేయించుకోండి, మీరూ ఎనిమిది నెలలుగా నిద్ర లేనివారే.

సబ్బు బదులు ఇంటి సున్నిపిండి ఒక డబ్బాలో పట్టుకెళ్లండి. అత్తగారి మందుల చీటీ, గ్లూకోమీటరు, షుగర్ పడిపోతే తినడానికి రెండు చాక్లెట్లు మీ చేతిసంచిలోనే ఉంచుకోండి, గదిలో పెట్టెలో పెట్టవద్దు.